మ్యాప్‌లో సిగ్నల్ ఉన్నా ఊళ్ళో నెట్ ఎందుకు ఉండదు? ఒక ఆఫ్రికా పల్లెకి టెక్నాలజీ లెక్క ఎలా వెయ్యాలి

ఆఫ్రికాలో ఏదైనా ఒక పల్లెకి ఇంటర్నెట్ తెస్తే నిలబడుతుందా లేదా అని అంచనా వెయ్యాల్సి వస్తే ఎక్కువమంది మొదట తెరిచేది కవరేజ్ మ్యాపే. టవర్ ఎక్కడుంది, 3జీ ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ రంగు లేకుండా తెల్లగా ఉంది, ఆ తెల్లగా ఉన్నచోట ఇంకో టవర్ వేసేస్తే పని అయిపోయినట్టే అన్న లెక్క. కానీ మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ సొంత లెక్కలే చూడండి, 2023 చివరికి సహారా ఎడారికి కింద ఉన్న ఆఫ్రికా దేశాల్లో మొబైల్ ఇంటర్నెట్ వాడుతున్నవాళ్ళు జనాభాలో 27 శాతం, సిగ్నలే అందనివాళ్ళు 13 శాతం. మిగిలిన 60 శాతం మంది సిగ్నల్ కిందే బతుకుతున్నారు, నెట్ మాత్రం వాడట్లేదు. అంటే అసలు సమస్యలో పెద్ద ముక్క ఆ తెల్లటి చోట్లలో లేదు, రంగు వేసి ఉన్న చోట్లలోనే ఉంది, దాన్ని ఏ మ్యాపూ చూపించదు.

ఆఫ్రికా అంతా ఒకటే అన్నట్టు మాట్లాడితే ఏమీ అర్థం కాదు, యాభై పైచిలుకు దేశాలు, ఒక్కో దేశంలో వంద రకాల పల్లెలు. అందుకే ఒక ఊరిని పట్టుకుని చూద్దాం. దక్షిణాఫ్రికాలో ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున వైల్డ్ కోస్ట్ అనే ప్రాంతంలో మంకోసీ అని కొన్ని ఊళ్ళ సముదాయం ఉంది. ఖోసా మాట్లాడే జనం. ఇళ్ళు మనలాగా వీధిలో వరసగా ఉండవు, కొండల మీద అక్కడొకటి ఇక్కడొకటి గుండ్రటి మట్టి ఇళ్ళు, మధ్యలో గడ్డి మైదానాలు, లోయలు. అపార్తీడ్ (నల్లవాళ్ళని చట్టం పెట్టి వేరుచేసిన జాతివివక్ష పాలన) కాలంలో ఇది ట్రాన్స్‌కైలో భాగం, అంటే నల్లవాళ్ళకి విడిగా ఒక ‘దేశం’ ఇచ్చేశాం అని తెల్లవాళ్ళ ప్రభుత్వం ప్రకటించి, రోడ్డు, కరెంటు, ఉద్యోగం ఏదీ ఇవ్వకుండా వదిలేసిన చోటు. మగవాళ్ళు గనుల్లో పనికి జోహన్నెస్‌బర్గ్ వైపుకి పోవడం, ఇంటిదగ్గర ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు ఉండటం అనేది అక్కడ ఎన్నో తరాల నుంచి నడుస్తోంది. ఈ చరిత్ర తెలియకుండా ఆ ఊళ్ళో ఫోన్ దేనికి వాడతారు అన్న ప్రశ్నకి జవాబు దొరకదు.

2012 ప్రాంతంలో కేప్‌టౌన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ద వెస్టర్న్ కేప్ నుంచి ప్రొఫెసర్ బిల్ టక్కర్, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న కార్లోస్ రే-మొరేనో అనే స్పెయిన్ అతను, ఇంకొంతమంది కలిసి ఆ ఊరివాళ్ళతో పని మొదలుపెట్టారు. అప్పటికే అక్కడ మొబైల్ సిగ్నల్ ఉంది, చాలామంది చేతుల్లో ఫోన్లు కూడా ఉన్నాయి. కాబట్టి మ్యాప్ చూసి నిర్ణయించేవాళ్ళు అయితే ‘ఇక్కడ కవరేజ్ ఉంది, ఇంకో ఊరు చూసుకుందాం’ అని వెళ్ళిపోయేవాళ్ళు. వీళ్ళు వెళ్ళిపోలేదు, ఇంటింటికీ తిరిగి రీఛార్జ్‌కి ఎంత పెడుతున్నారు, ఛార్జింగ్‌కి ఎంత పెడుతున్నారు, ఎవరికి ఫోన్ చేస్తారు అని అడిగారు. నా దృష్టిలో మొత్తం అంచనా పద్ధతిలో అన్నిటికన్నా విలువైన పని ఇదే, ఎందుకంటే ఆ ఊళ్ళో ఇప్పటికే నెలనెలా ఎంత డబ్బు కమ్యూనికేషన్ కింద బయటికి పోతోందో తెలిస్తేనే ఆ ఊరు సొంతంగా ఏం మోయగలదో తెలుస్తుంది. పేదవాళ్ళు కదా ఏం కట్టగలరు అనుకోవడం తప్పు, వాళ్ళు అప్పటికే కడుతున్నారు, చాలా ఎక్కువే కడుతున్నారు.

ఎంత ఎక్కువో చూద్దాం. 2019 లో దక్షిణాఫ్రికాలో అతిపెద్ద మొబైల్ కంపెనీ వొడాకామ్ దగ్గర నెల రోజుల 1 జీబీ ప్యాక్ 149 రాండ్లు, అంటే అప్పటి మన డబ్బుల్లో దాదాపు 700 రూపాయలు. ఇండియాలో మనం అప్పటికే రోజుకి జీబీన్నర వాడి పారేస్తున్న రోజులు. ఈస్టర్న్ కేప్ పల్లెల్లో ఎన్నో ఇళ్ళకి నెలనెలా నమ్మకంగా వచ్చే డబ్బు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటే, ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒక పిల్లకో పిల్లాడికో ఇచ్చే గ్రాంట్ పెంచితే 420 రాండ్లు అయింది. అంటే ఒక్క జీబీ కొంటే పిల్లల తిండికి వచ్చిన డబ్బులో మూడో వంతు పోయినట్టు. అందుకని ఎవరూ జీబీ కొనరు, రోజుకో, గంటకో పనికొచ్చే చిన్న చిన్న ప్యాకులు కొంటారు, అక్కడే అసలు అన్యాయం ఉంది, చిన్న ప్యాకులో ఒక్కో ఎంబీకి పడే రేటు పెద్ద ప్యాక్ రేటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. డబ్బున్నవాడు 20 జీబీ ఒకేసారి కొని తక్కువ రేటుకి వాడుకుంటాడు, లేనివాళ్ళు అదే నెట్‌కి ఎక్కువ కడతారు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, 2019 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికా కాంపిటీషన్ కమిషన్ విచారణ చేసి ఈ రేట్లు పేదవాళ్ళకి వ్యతిరేకంగా ఉన్నాయని రాసి, వొడాకామ్, ఎంటీఎన్ రెండూ రేట్లు 30 నుంచి 50 శాతం తగ్గించాలి అంది. 2020 ఏప్రిల్ నుంచి ఆ 149 కాస్తా 99 అయింది, మరుసటి ఏడాది 85. తగ్గడం తగ్గింది కానీ 2024 లో పిల్లల గ్రాంట్ 530 రాండ్లు, దానిమీద 85 అంటే అప్పటికీ 16 శాతం. ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ పెట్టుకున్న లక్ష్యం ఏంటంటే మామూలు డేటా ప్యాక్ తలసరి నెల ఆదాయంలో 2 శాతం లోపు ఉండాలి. దేశం మొత్తం సగటు తీస్తే దక్షిణాఫ్రికా బాగానే ఉన్నట్టు కనపడుతుంది, ఎందుకంటే జోహన్నెస్‌బర్గ్ బంగళాల ఆదాయం కూడా ఆ సగటులో కలిసిపోతుంది. కాబట్టి అంచనా వేసేవాళ్ళు దేశం సగటు చూడకూడదు, ఆ ఊళ్ళో ఆ ఇంటికి వచ్చే డబ్బు చూడాలి.

ఇక కరెంటు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలా ప్రాజెక్టులు ఇక్కడే పడిపోతాయి. మంకోసీలో ఆ రోజుల్లో చాలా ఇళ్ళకి కరెంటు లైన్ లేదు. ఫోన్ ఛార్జ్ చేసుకోవాలంటే కరెంటో జనరేటరో ఉన్న షాపుకో, తెలిసినవాళ్ళ ఇంటికో కొండ దిగి ఎక్కి నడుచుకుంటూ వెళ్ళాలి, డబ్బు కట్టాలి, ఫోన్ అక్కడే వదిలి మళ్ళీ రావాలి. నిక్ బిడ్వెల్ అనే పరిశోధకురాలు, ఆమె టీమ్ ఇంటర్నెట్ కన్నా ముందే ఈ విషయాన్నే పట్టుకుని అక్కడ సోలార్ ఛార్జింగ్ స్టేషన్లు పెట్టి, ఎవరు వస్తున్నారు, ఎంత దూరం నడుస్తున్నారు, వచ్చినప్పుడు ఎవరితో మాట్లాడుతున్నారు అని దగ్గరుండి గమనించారు. ఛార్జింగ్ అంటే బ్యాటరీ నింపడం ఒక్కటే కాదు, నీళ్ళకి, షాపుకి, చుట్టాల ఇంటికి వెళ్ళే దారితో కలిసిపోయిన పని అని వాళ్ళు చూశారు. స్టేషన్ ఎక్కడ పెడితే ఎవరు రాగలరు, ఏ ఇంటి గడప తొక్కడానికి ఎవరు మొహమాటపడతారు అనేవి ఇంజినీరింగ్ లెక్కలో రావు, కానీ ఫలితాన్ని నిర్ణయించేది అవే.

తర్వాత నెట్‌వర్క్ పెట్టినప్పుడు ఆ అనుభవం పనికొచ్చింది. ఊళ్ళో కొన్ని ఇళ్ళు ఎంచుకుని ఒక్కో ఇంటి మీద సోలార్ ప్యానెల్, లోపల బ్యాటరీ, పైన చిన్న వైర్‌లెస్ పెట్టె పెట్టారు. ఆ పెట్టె తినే కరెంటు పోగా మిగిలినదాంతో ఫోన్లు ఛార్జ్ చేసి డబ్బు తీసుకున్నారు, షాపులో కన్నా తక్కువకి. కాల్స్ మీద కాకుండా మొదట్లో చేతికి డబ్బు వచ్చింది ఈ ఛార్జింగ్ మీదే. కమ్యూనికేషన్ నెట్‌వర్క్ పెట్టడానికి వెళ్తే అక్కడ తక్షణం అమ్ముడుపోయే సరుకు కరెంటు అని తేలింది.

ఇందులో ఒక చిక్కు ఉంది, అంకెలేసి చూస్తేనే అర్థమవుతుంది. ఇవి మంకోసీ సామాన్ల లెక్క కాదు, ఎక్కడైనా వేసుకోదగ్గ మామూలు లెక్క. ఒక చిన్న రూటర్ 5 వాట్లు తీసుకుంటుంది అనుకోండి, 24 గంటలకి 120 వాట్-అవర్లు. 100 వాట్ల ప్యానెల్‌కి రోజుకి 5 గంటల మంచి ఎండ దొరికితే 500 వాట్-అవర్లు వస్తాయి, వైర్లలో, బ్యాటరీలో పోయేది తీసేస్తే 400 మిగులుతుంది, రూటర్‌కి పోగా దాదాపు 280 ఛార్జింగ్‌కి అమ్ముకోవచ్చు. పాత నోకియా లాంటి బటన్ ఫోన్ బ్యాటరీ 4 వాట్-అవర్ల లోపే, నష్టాలతో కలిపి 5 అనుకున్నా రోజుకి యాభై పైన ఫోన్లు ఎక్కుతాయి. అదే జనం స్మార్ట్‌ఫోన్లకి మారితే, ఒక్కోదానికి 15 వాట్-అవర్లు, నష్టాలతో 20, అప్పుడు అదే ప్యానెల్ మీద రోజుకి 14 ఫోన్లే. అంటే నెట్ వాడకం పెరగడానికి కావాల్సిన ఫోన్ వచ్చేకొద్దీ ఆ నెట్‌ని నడిపే ఛార్జింగ్ ఆదాయం పడిపోతుంది. ఇంకోటి, మబ్బు పట్టినప్పుడు. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో పాడవకుండా వాడుకోగలిగింది సగం, 600 వాట్-అవర్లు. ఒక్క రూటరే అయితే అయిదు రోజులు ఎండ లేకపోయినా నడుస్తుంది, కానీ నాలుగు రోజులుగా వాన పడుతున్నప్పుడు పక్కింటావిడ జోహన్నెస్‌బర్గ్‌లో కొడుకుతో మాట్లాడాలి అని ఫోన్ పట్టుకుని వస్తే కాదని ఎవరంటారు? అందరికీ ఛార్జ్ చేస్తే రెండో రోజుకే బ్యాటరీ అడుగంటి నెట్‌వర్క్ పడిపోతుంది. ఎప్పుడు ఛార్జింగ్ ఆపాలి అనే నిర్ణయం ఆ ఇంటావిడ తీసుకోవాలి, ఆమెకి ఆ అధికారం ఊరు ఇచ్చి ఉండాలి, ఏ సాఫ్ట్‌వేరూ ఆమె బదులు ఊళ్ళో మాట పడదు.

కరెంటు లైన్ ఉన్నంత మాత్రాన కరెంటు ఉన్నట్టు కూడా కాదు. జాంబియాలో 2024 లో కరువు వచ్చి కరీబా డ్యామ్‌లో నీళ్ళు అడుగంటితే దేశంలో చాలా చోట్ల రోజులో ఎక్కువ గంటలు కరెంటు లేదు, ఎందుకంటే ఆ దేశం కరెంటులో అధిక భాగం నీళ్ళ నుంచే. దక్షిణాఫ్రికాలో 2023 లో లోడ్ షెడ్డింగ్ ఎప్పుడూ లేనంతగా నడిచింది. కరెంటు పోతే టవర్ బ్యాటరీ మీద కొన్ని గంటలు నిలబడుతుంది, తర్వాత పడిపోతుంది, పైగా ఆ బ్యాటరీలని దొంగలు ఎత్తుకుపోవడం అక్కడి కంపెనీలకి పెద్ద తలనొప్పి. ‘గ్రిడ్ ఉందా’ అని ఒక గడిలో టిక్ పెట్టుకుని వచ్చేస్తే ఇదంతా తెలియదు, ఏ నెలలో ఎన్ని గంటలు పోతుంది అని అడగాలి.

మళ్ళీ మంకోసీకి. ఏ ఇళ్ళ మీద పెట్టాలో యూనివర్సిటీవాళ్ళు నిర్ణయించలేదు. ఊరి పెద్దల వ్యవస్థ ఉంది అక్కడ, హెడ్‌మ్యాన్, ఆయన కింద ఇంకొంతమంది, సభ పెట్టి మాట్లాడుకుంటారు, అక్కడ ఒప్పుకోకుండా కొండ మీద ఒక గుంజ పాతినా అది నిలవదు. ఊళ్ళ తరఫున పదిమంది దాకా ముందుకొచ్చి సహకార సంఘం పెట్టుకున్నారు, 2014 లో జెంజెలేని అనే పేరుతో రిజిస్టర్ అయింది. నెట్‌వర్క్ సామాను ఆ సంఘం సొత్తు, వచ్చిన డబ్బు ఆ సంఘం ఖాతాలోకి. ఇలా ఎందుకు అని కొందరికి అనిపించొచ్చు, ఒక ఎన్జీవో వచ్చి పెట్టి నడిపితే తేలిక కదా అని. దక్షిణాఫ్రికా దానికి కూడా జవాబు చూసేసింది. 1990 ల చివరి నుంచి ప్రభుత్వం పల్లెల్లో టెలీసెంటర్లు అని పెట్టింది, కంప్యూటర్లు, ఫోన్లు, ఫ్యాక్స్ అన్నీ ఇచ్చి. చాలా వాటిల్లో కొన్నాళ్ళకి బిల్లు కట్టక లైన్ తెగింది, కంప్యూటర్ పాడైతే బాగుచేసేవాళ్ళు లేరు, తలుపు మూసేశారు. పెట్టిన రోజు రిబ్బన్ కత్తిరించినవాళ్ళు చాలామంది ఉన్నారు, పాడైన రోజు ఇది మాది అన్నవాళ్ళు లేరు. సహకార సంఘం అంటే గొడవలు ఉండవని కాదు, ఏ ఇంటిమీద ప్యానెల్ పెట్టారో ఆ ఇంటికే మేలు జరిగింది అనే మాట ఎక్కడైనా వస్తుంది, కానీ ఆ గొడవ తేల్చుకునే చోటు ఊళ్ళోనే ఉంటుంది.

వాళ్ళు మొదట వాడిన పెట్టె పేరు మెష్ పొటాటో. దక్షిణాఫ్రికాలోనే విలేజ్ టెల్కో అనే ప్రాజెక్టులో పుట్టింది, వైఫై రూటర్‌కి మామూలు ల్యాండ్‌లైన్ ఫోన్ తగిలించుకునేలా చేశారు. ఒక పెట్టె పక్క పెట్టెని తనే వెతుక్కుంటుంది, ఒకటి పడిపోతే మాట ఇంకో దారిలో పోతుంది, మధ్యలో టవర్ అక్కర్లేదు. దాంతో ఊళ్ళో ఊళ్ళో ఫోన్ కాల్స్ ఫ్రీ. వినడానికి అద్భుతం, నిజానికి ఇంజినీరింగ్‌గా కూడా అద్భుతమే, కానీ జనం ఎక్కువగా మాట్లాడాలి అనుకునేది పక్క కొండ మీదవాళ్ళతో కాదు, కేప్‌టౌన్‌లో, జోహన్నెస్‌బర్గ్‌లో ఉన్న భర్తతో, కూతురితో. పక్క కొండ మీదవాళ్ళ దగ్గరికి పిల్లాడిని పంపిస్తే సరిపోతుంది. కాబట్టి బయటికి కాల్ వెళ్ళే దారి కావాలి, అంటే ఇంటర్నెట్ కావాలి, అంటే లైసెన్సు కావాలి.

ఈ లైసెన్సు సంగతి చాలామంది అంచనా రిపోర్టుల్లో చివరి పేజీలో ఒక పేరాతో వదిలేస్తారు, నన్నడిగితే అది ముందు పేజీల్లో ఉండాలి. దక్షిణాఫ్రికాలో 2005 నాటి ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం నెట్‌వర్క్ నడపడానికి ఒక లైసెన్సు, ఆ నెట్‌వర్క్ మీద సర్వీసు అమ్మడానికి ఇంకో లైసెన్సు. పెద్ద కంపెనీలకి లాయర్లు ఉంటారు. ఖోసా మాట్లాడే పదిమంది పల్లెవాళ్ళ చేతికి ఇంగ్లీషు ఫారాలు ఇస్తే ఏం చేస్తారు? అదృష్టం ఏంటంటే అదే చట్టంలో చిన్నవాళ్ళకి మినహాయింపు తీసుకునే దారి ఉంది, జెంజెలేని యూనివర్సిటీ సాయంతో రెగ్యులేటర్ ఇకాసా దగ్గర ఆ మినహాయింపు తెచ్చుకుంది. వైఫై నడిచే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లకి విడిగా స్పెక్ట్రమ్ ఫీజు అక్కర్లేదు కాబట్టి ఆ బరువు కూడా తప్పింది. ఇదే ఊరు, ఇదే జనం, ఇదే సామాను ఇలాంటి దారి లేని ఇంకో దేశంలో ఉంటే మొత్తం పని చట్టవిరుద్ధం అయ్యేది. కెన్యా 2021 లో ఇలా ఊరివాళ్ళే నడుపుకునే కమ్యూనిటీ నెట్‌వర్క్‌ల కోసమే విడిగా ఒక లైసెన్సు పద్ధతి తెచ్చింది, దాంతో అక్కడి పల్లెల, నైరోబీ బస్తీల అవకాశమే మారిపోయింది, ఒక్క కొత్త టవర్ కూడా వెయ్యకుండా.

తర్వాత బయటి ప్రపంచానికి కలిపే లైన్, దాన్నే బ్యాక్‌హాల్ అంటారు. మంకోసీకి దగ్గరలో ఉన్న పెద్ద టౌన్ మ్తాతా, కొన్ని పదుల కిలోమీటర్ల దూరం. మన ఊళ్ళలో అయితే కేబుల్ అతను కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగేస్తాడు, అక్కడ స్తంభాలే లేని కొండలు. కాబట్టి కొండ నుంచి కొండకి వైఫై లింకులు. 5 గిగాహెర్ట్జ్‌లో 30 కిలోమీటర్ల లింకు వెయ్యాలంటే ఈ కొస నుంచి ఆ కొస కంటికి కనపడితే చాలదు, సరిగ్గా మధ్యలో ఆ గీతకి చుట్టూ 20 మీటర్ల దాకా అడ్డం లేకుండా ఉండాలి, పైగా భూమి గుండ్రంగా ఉండటం వల్ల మధ్యలో ఇంకో 13 మీటర్లు పైకి ఉబ్బి ఉంటుంది. అందుకే ఎత్తైన కొండలు కావాలి, మధ్యలో ఆగే ప్రతి కొండకీ మళ్ళీ ప్యానెల్, బ్యాటరీ, కంచె, ఆ నేల ఎవరిదో వాళ్ళ అనుమతి, కాపలాకి ఒక మనిషి. లింకుకి అయ్యే డబ్బు ఎంత అని అడిగితే రేడియోల ధర చెప్తారు, రేడియోలు అందులో చౌకైన భాగం.

ఇంటర్నెట్ హోల్‌సేల్‌గా కొన్నాక దాన్ని ఎలా అమ్మాలి అన్న దగ్గర జెంజెలేని చేసింది నాకు బాగా నచ్చింది. ఆ ప్రాంతంలో స్కూళ్ళు, ఎన్జీవోలు, టూరిస్టులు దిగే లాడ్జిలు ఉన్నాయి, వాళ్ళకి పని జరగాలంటే నెట్ కావాలి, నెలకి స్థిరంగా కట్టగలరు. వాళ్ళు కట్టేది లైన్ ఖర్చుని మోస్తుంది, దాంతో మామూలు జనానికి చాలా తక్కువకి ఇవ్వగలిగారు, ఒక ఫోన్‌కి నెలంతా లిమిట్ లేకుండా 25 రాండ్లకి వోచర్. పైన చెప్పిన 149 పక్కన ఈ 25 పెట్టి చూడండి. పక్కనే జితులేలే అనే చోట రెండో సహకార సంఘం కూడా వచ్చింది. అందుకని ఏ పల్లెనైనా అంచనా వేసేటప్పుడు ఎంతమంది జనం ఉన్నారు అని లెక్కపెట్టే ముందు, నెల నెలా బిల్లు కట్టగల సంస్థలు నాలుగైదు ఉన్నాయా అని చూడాలి. ఒక ఆస్పత్రి ఉన్న పల్లెకీ లేని పల్లెకీ అవకాశంలో చాలా తేడా ఉంటుంది.

ఆస్పత్రి అంటే గుర్తొచ్చింది, జాంబియాలో మాచా. దక్షిణ జాంబియాలో చోమా టౌన్ నుంచి మట్టి రోడ్డు మీద వెళ్తే వచ్చే ఊరు, 1906 లో మొదలైన క్రైస్తవ మిషన్, దాని ఆస్పత్రి, ఒక మలేరియా పరిశోధన సంస్థ ఉన్న చోటు. 2003 లో అక్కడికి వచ్చిన డచ్ ఇంజినీర్ గెర్ట్‌యాన్ వాన్ స్టామ్ స్థానికులతో కలిసి శాటిలైట్ డిష్ పెట్టి ఊళ్ళో వైర్‌లెస్ నెట్‌వర్క్ నడిపారు. తర్వాత కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఎలిజబెత్ బెల్డింగ్, డేవిడ్ జాన్సన్, వాళ్ళ టీమ్ ఆ ఊరి అనుమతితో అక్కడ నెట్ మీద ఏ ట్రాఫిక్, అంటే ఏ డేటా, వచ్చిపోతోందో చూశారు. ఫేస్‌బుక్ చాలా ఎక్కువ. అందులో గమనించాల్సింది ఏంటంటే ఊళ్ళోనే ఉన్న ఇద్దరు ఒకరికొకరు పంపుకునే మెసేజ్‌లు, ఫోటోలు కూడా అంత ఖరీదైన శాటిలైట్ లింకు మీద పోయి వేరే ఖండంలో ఉన్న సర్వర్ తాకి మళ్ళీ అదే లింకు మీద వెనక్కి వస్తున్నాయి. ఆ రకం శాటిలైట్ 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, ఒక మాట పోయి జవాబు రావడానికే దాదాపు అర సెకను. వంద గజాల దూరంలో ఉన్న స్నేహితుడికి ఫోటో పంపడానికి ఊరంతా కలిసి కొనుక్కున్న లైన్ రెండుసార్లు ఖర్చవుతోంది. అందుకే ఆ టీమ్ ఊళ్ళోనే ఒక సర్వర్ పెట్టి స్థానికంగా ఫైళ్ళు పంచుకునే పద్ధతి తయారు చేసింది.

ఇది పల్లెకే కాదు దేశాలకి కూడా వర్తిస్తుంది. కెన్యా, నైజీరియాల్లో 2012 లో లోపల లోపల తిరిగే ట్రాఫిక్ 30 శాతం దాకానే ఉండేది, మిగతాది యూరప్ చుట్టి వచ్చేది, దేశంలోనే ఎక్స్ఛేంజ్ పాయింట్లు (నెట్ కంపెనీలు ఒకదానితో ఒకటి నేరుగా ట్రాఫిక్ మార్చుకునే చోట్లు) బలపడి, పెద్ద కంపెనీల సర్వర్లు అక్కడికే వచ్చాక 2020 కి అది 70 శాతం అయింది. ఇది విలాసం కాదు. 2024 మార్చి 14 న ఐవరీ కోస్ట్ దగ్గర సముద్రంలో నాలుగు కేబుళ్ళు ఒకేసారి దెబ్బతింటే పశ్చిమ ఆఫ్రికాలో ఎన్నో దేశాల నెట్ పడిపోయింది, బ్యాంకులు ఆగాయి. మే నెలలో తూర్పు వైపు ఈజీ (EASSy), సీకామ్ కేబుళ్ళు తెగాయి. స్కూలు పాఠాలు, ఆస్పత్రి రికార్డులు ఊళ్ళోనో, కనీసం దేశంలోనో ఉంటే అలాంటి రోజు కూడా పని నడుస్తుంది. అందుకని అంచనాలో ‘ఎంత స్పీడు’ అన్న గడి పక్కన ‘బయటి లైన్ తెగితే ఇంకా ఏం పనిచేస్తుంది’ అన్న గడి కూడా ఉండాలి.

రిపేరు గురించి ఒక్క మాట. మాచాలో బయటి ఇంజినీర్లని తెచ్చే బదులు ఊరి పిల్లలకే నేర్పడానికి అక్కడే ఐటీ ట్రైనింగ్ పెట్టారు, మంకోసీలో కూడా కొండెక్కి రేడియో మార్చేది ఊరివాళ్ళే. పిడుగు పడి రేడియో కాలిపోయిన రోజు సిటీ నుంచి మనిషి రావాలంటే పెట్రోలు ఖర్చే రేడియో ఖర్చు అంత అవుతుంది. అయితే నేర్చుకున్న కుర్రాడు మంచి ఉద్యోగం వచ్చి సిటీకి వెళ్ళిపోతాడు, వెళ్ళనీయాలి కూడా, అది అతని జీవితం. కాబట్టి ఒకరికి కాదు, ప్రతి రెండేళ్ళకీ కొత్తగా ఇద్దరు ముగ్గురికి నేర్పే ఏర్పాటు బడ్జెట్‌లో ఉండాలి, అది ఒకసారి పెట్టే ఖర్చు కాదు.

మనవాళ్ళకి ఈ కథలో నేరుగా ఒక లింకు ఉంది. 2010 లో భారతీ ఎయిర్‌టెల్ 10.7 బిలియన్ డాలర్లకి జైన్ అనే కంపెనీ ఆఫ్రికా వ్యాపారాన్ని కొన్నది, ఇప్పుడు ఎయిర్‌టెల్ ఆఫ్రికా 14 దేశాల్లో ఉంది, జాంబియా అందులో ఒకటి. మన హైదరాబాద్‌లో, విజయవాడలో రీఛార్జ్ చేసే ఎర్ర బోర్డే లుసాకాలో కూడా కనపడుతుంది. కాబట్టి అక్కడి పల్లెలో 1 జీబీకి ఎంత తీసుకుంటున్నారు అన్న ప్రశ్న మనకి సంబంధం లేని దూరదేశం ప్రశ్న కాదు, టెలికంలో, ఐటీలో పనిచేసే మనవాళ్ళు ఎంతోమంది ఆ లెక్కలు తయారయ్యే ఆఫీసుల్లో కూర్చునే అవకాశం ఉంది.

ఇప్పుడందరూ అడిగేది, శాటిలైట్ల నుంచి నేరుగా నెట్ ఇచ్చే స్టార్‌లింక్ వచ్చేసింది కదా ఇంక ఈ కొండలు, గుంజలు, సంఘాలు ఎందుకు అని. 2023 జనవరిలో నైజీరియాలో మొదలై రువాండా, మొజాంబిక్, కెన్యా, మలావీ, జాంబియా ఇలా వెళ్తూ ఉంది. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే శాటిలైట్లు కాబట్టి ఆ అర సెకను ఆలస్యం ఉండదు, కొండ నుంచి కొండకి లింకులు వేసే కష్టం తప్పుతుంది, నిజంగా పెద్ద మార్పు. కానీ పైన చూసినవాటిలో అది తీర్చేది ఒక్క బ్యాక్‌హాల్ ముడిని మాత్రమే. ఆ డిష్ చిన్న రూటర్‌లా 5 వాట్లతో నడవదు, పదుల వాట్లు తింటుంది, అంటే మనం పైన వేసిన సోలార్ లెక్కలో ప్యానెల్, బ్యాటరీ ఎన్నో రెట్లు పెరగాలి. కిట్ ధర, నెల బిల్లు ఒక్క ఇల్లు మోయలేదు, పదుల ఇళ్ళు కలిస్తేనే మోస్తాయి, అయితే ఇంటి ప్లాన్ మీద తీసుకున్న కనెక్షన్ తిరిగి అమ్మడానికి వాళ్ళ షరతులు ఒప్పుకోవు. దక్షిణాఫ్రికాలో అయితే 30 శాతం వాటా అపార్తీడ్ వల్ల నష్టపోయిన వర్గాలవాళ్ళ చేతిలో ఉండాలనే లైసెన్సు నియమం దగ్గరే సంవత్సరాల పాటు ఆగిపోయింది, దాని బదులు వేరే రకం పెట్టుబడులు ఒప్పుకోవాలా అని 2025 లో ప్రభుత్వం పాలసీ ముసాయిదా పెడితే పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చలో రెండు వైపులా వినపడేవి కంపెనీల పేర్లు, పార్టీల పేర్లే. జెంజెలేని లాంటి సంఘం ఆ డిష్‌ని హోల్‌సేల్‌గా కొని తన నెట్‌వర్క్‌కి తగిలించుకుని, తన ఊళ్ళో తన రేటుకి అమ్ముకోవచ్చా అన్నది కూడా ఇలాంటి పాలసీ కాగితాల్లో తేలాల్సిన విషయమే, ఎందుకంటే 25 రాండ్ల వోచర్ నిలబడాలా వద్దా అన్నది ఆ ఒక్క షరతు మీద ఆధారపడి ఉంటుంది.